గంగాళములోని తాబేలు

ఇరువదవ తీర్థంకరులైన శ్రీ మునిసువ్రతస్వామివారి లాంఛనము కూర్మము. ఇరువది మూడవవారైన శ్రీ పార్శ్వనాథస్వామివారి లాంఛనము సర్పము. శ్రావకుడు ఉదయమున స్నానము చేసి జినాలయమునకు పోవును. ఆ ప్రతిమల యెదుట తల వంచి, నవకారమంత్రము జపించి, తిరిగి వచ్చి దుకాణము తాళము తీయును. అదే శ్రావకుని పెరటిలో ఇత్తడి గంగాళమునందు ఒక తాబేలు రాత్రింబవళ్ళు గోడను గోకుచుండినచో, ఉదయమున చేసిన వందనమునకు అర్థమేమి?

ధర్మబంధువులారా! ఈ ప్రశ్న రాయచూరు జిల్లా వర్తక కుటుంబములకు పరాయిది గాదు. పత్తి అడతిలో, వడ్ల వ్యాపారములో, బట్టల కొట్టులో నిలద్రొక్కుకొన్న గృహములలో సయితము, తాబేలు ఉన్న ఇంట లక్ష్మి నిలుచునను నమ్మిక ప్రవేశించినది. ఒకరు చెప్పిరి, మరియొకరు తెచ్చియిచ్చిరి, ఇంకొకరు ఈశాన్యమూలలో ఉంచుమనిరి. జైనసిద్ధాంతమునందు లాభము గలుగుట, గలుగకుండుట లాభాంతరాయ కర్మమునుబట్టి యుండును. ఆ కర్మము క్షయోపశమము నొందినప్పుడు లాభము, ఉదయములో నున్నప్పుడు నష్టము. ఇందు తాబేలునకు పని యేమున్నది? పత్తి ధర పడిపోయిన యేట తాబేలున్న ఇంటికిని నష్టమే వచ్చినది, లేని ఇంటికిని నష్టమే వచ్చినది. ఈ సంగతి చిట్టా వ్రాయు గుమాస్తాకు తెలియును గాని యజమానికి తోచదు.

ఇండ్లలో ఉంచు తాబేళ్ళు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది నక్షత్ర తాబేలు. నల్లని చిప్పమీద పసుపు గీతలు నక్షత్రము వలె విచ్చుకొని యుండును. ఇది నేలమీద బ్రతుకు ప్రాణి. గుజరాతు, రాజస్థాన ప్రాంతములలోను, దక్షిణమున తమిళ, ఆంధ్ర, కర్ణాటక మెట్టసీమల ముళ్ళపొదలలోను, సింహళమునందును ఉండును. గడ్డి, ఆకులు, రాలిన పండ్లు దీని యాహారము. తొలకరి వానలు పడినప్పుడు చురుకుగా తిరుగును, నేల త్రవ్వి గ్రుడ్లు పెట్టును. అనేక దశాబ్దములు జీవించును. రెండవది ఎర్రచెవి తాబేలు. ఇది అమెరికా దేశపు నీటి తాబేలు. రూపాయి బిళ్ళంత పిల్లను గాజుతొట్టిలో పెట్టి అమ్ముదురు. కొన్నవారు అది అంతే యుండునని తలచెదరు. కొన్నేండ్లకు అది పళ్ళెమంత యగును, కరచును, తొట్టి నీరు కంపు గొట్టును. అప్పుడు ఇంటివారికి దానిమీద విసుగు పుట్టును. వేడుకగా తెచ్చుకొన్న ప్రాణి కడకు అక్కరలేనిది యగుటయు గలదు.

నక్షత్ర తాబేలు గృహములో పడు బాధ బయటకు కానరాదు. అది అరవదు, ఏడ్వదు. అన్నము మెతుకులు, రొట్టె ముక్కలు, పాలు పెట్టి పోషించుచున్నామని ఇంటివారు సంతోషింతురు. ఎండ తగులక, సున్నపు సత్తువ చాలక దాని చిప్ప మెత్తబడును, లేక ఎగుడుదిగుడు బొడిపెలు కట్టును. నున్నని బండలమీద కాళ్ళు జారుచుండును. నేల ప్రాణిని ఎల్లప్పుడు నీటిలో నిలిపియుంచుట మరియొక హింస. “తాతా, ఇది ఎప్పుడు చూచినను గోడ దగ్గరకే ఎందుకు పోవును?” అని పిల్లలు అడుగుదురు. తాత యేమి చెప్పును? అడ్డము వచ్చిన గోడ దానికి అర్థము గాదు. గోడకు ఆవల పొద యున్నదనియే అది నడచును.

తత్త్వార్థసూత్రమునందు అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి: బంధము, వధము, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. ప్రతిక్రమణము చేయు శ్రావకులు వీనిని పలుకుచునే యున్నారు. పలుకునప్పుడు ఎద్దుబండి, గుఱ్ఱము మనస్సునకు వచ్చునే గాని గంగాళము రాదు. ఈ ఐదింటిలో మొట్టమొదటిది కొట్టుట గాదు, కట్టివేయుట. తనకు తగిన తిండి దొరకకుండ చేయుటయు చివరిదానిలోనికే వచ్చును. రొట్టె పెట్టితిమి గదా యన్న సమాధానము చెల్లదు. శ్రీ హేమచంద్రాచార్యులవారు శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములను యోగశాస్త్రమున వివరించుచు, ధనార్జనకై చిలుకలను, గోరువంకలను, పిల్లులను, కుక్కలను పెంచుటను అసతీపోషణమను పేర చేర్చిరి. లక్ష్మి వచ్చునని తాబేలును ఉంచుటయు ధనాశతో చేసినదే గదా!

ఇచట వాణిజ్యము తెలిసినవారు ఒక లెక్క చూడవలెను. నక్షత్ర తాబేళ్ళను చాటుగా పట్టి అమ్మువారు భారతదేశములోని ఒక్క వ్యాపారస్థలమునుండియే ఏటేట కనీసము 55,000 ప్రాణులను తరలించుచున్నారని 2015లో ప్రకటింపబడిన యొక పరిశీలన తెలిపినది. సంచులలో, పెట్టెలలో ఒకదానిమీద నొకటి పేర్చి తీసికొనిపోవునప్పుడు దారిలో చచ్చునవి యెన్నో. ఇంటికి చేరిన యొక తాబేలు ఖాతాలో చేరని ఆ చావుల ఖర్చుతో కూడ వచ్చినది. అమ్మువానికి కొనువాడే పెట్టుబడి.

ఈ కారణముననే పర్యుషణ దినములలో వెల యిచ్చి తాబేళ్ళను విడిపించుటను కూడ పునరాలోచింపవలసి యున్నది. ఇది కొంచెము చేదుమాట. అభయదానము దానములలో ఉత్తమమని పెద్దలు చెప్పినది సత్యమే. కాని సంత బయట బుట్టతో కూర్చున్నవానికి వేయి రూపాయలిచ్చి రెండు తాబేళ్ళను విడిపించిన, వచ్చే పర్యుషణమునకు వాడు ఇరువది తెచ్చును. జీవదయ ఖాతాలో వ్రాసిన ఆ సొమ్ము వాని వేటకు అడ్వాన్సు అయినది. అట్టివాడు కనబడినప్పుడు వెల యడుగక అటవీశాఖవారికి కబురు చేయుట మేలు. పుణ్యము కొనుచున్నామను తృప్తి ఇందు లేదు గనుక చాలమందికి ఇది రుచింపదు.

జ్ఞానము ముందు, దయ తరువాత అను క్రమమును దశవైకాలికసూత్రము బోధించుచున్నది. కమఠుని వృత్తాంతమును తలచుకొనుడు. వారణాసిలో అతడు పంచాగ్ని మధ్యమున తపస్సు చేయుచుండెను. సర్పమును కాల్చవలెనని అతనికి సంకల్పము లేదు. కట్టెలో సర్పమున్నదనియే అతడెరుగడు. పార్శ్వకుమారుడు అవధిజ్ఞానముచేత ఎరిగి, ఆ కట్టెను వెలికి తీయించి, జాగ్రత్తగా చీల్పించెను. సగము కాలిన సర్పమునకు నవకారము వినిపింపజేసెను. అది ధరణేంద్రుడై జన్మించెను. దిగంబర సంప్రదాయమున సర్పముల జంట యనియు, రెండవది పద్మావతీదేవి యనియు చెప్పుదురు.

చండకౌశికుని కథ ఇంకను గంభీరమైనది. శ్రీ మహావీరస్వామి ఆ విషసర్పమున్న చోటికి తామే నడచి పోయిరి. దానిని పట్టి తేలేదు, బుట్టలో పెట్టలేదు. అది శాంతించి తలను పుట్టలో దాచుకొన్నపిమ్మట జనులు భక్తితో దానిమీద నెయ్యి పూసిరి. ఆ నేతి వాసనకు చీమలు చేరి దాని దేహమును తొలిచివేసినవి. పాము సహించెను, సద్గతి పొందెను. పూసినవారి సంగతి యేమి? వారు దుర్మార్గులు గారు. నాగపంచమినాడు కోరలు పీకిన పాముచేత పాలు త్రాగించువారును దుర్మార్గులు గారు. పాలు పాముకు ఆహారము గాదు, దప్పికచే ఎండిపోయిన పాము దేనినైనను త్రాగును. హైదరాబాదునందు 1995లో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవారు అటవీశాఖతో కలసి అట్టి పాములను విడిపించి చికిత్స చేయుచు వచ్చిరి.

ఇక వదలుటలో జరుగు పొరపాట్లు. మనస్సు మారిన గృహస్థుడు తాబేలును తీసికొనిపోయి చెరువులోనో, బావిలోనో, కృష్ణలోనో వదలును. నక్షత్ర తాబేలు నేల ప్రాణి యని పైన చెప్పబడినది. లోతునీటిలో అది మునిగి చచ్చును. దయతో చేసిన పని వధ యగును. ఎర్రచెవి తాబేలును చెరువులో వదలిన అది బ్రతుకును గాని, ఆ చెరువులోని దేశవాళి తాబేళ్ళ తిండిని, ఎండ కాగు తావును ఆక్రమించును. కొందరు శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మము వంటి క్షేత్రములకు కొనిపోయి విడుతురు. మరికొందరు వియ్యాలవారికి ఇచ్చి చేతులు దులుపుకొందురు. దాని వలన గంగాళము మారునే గాని బంధము మారదు.

రాజశాసనము కూడ తెలియవలెను. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలయి, నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలులో చేరినది. ఆ షెడ్యూలు ప్రాణుల విషయమున నేరమునకు మూడేండ్లు మొదలు ఏడేండ్లవరకు కారాగారము, 25,000 రూపాయలకు తక్కువగాని జరిమానా గలవు. ఇగువానా, బాల్ పైథాన్ వంటి విదేశీ ప్రాణులను ఉంచుకొన్నవారు 2024 నిబంధనల ప్రకారము నమోదు చేయించుకొనవలెను. ఈ నేల కిది కొత్తయు గాదు. ఈ జిల్లాలోనే మస్కియందు 1915లో బయటపడిన శాసనములో పేరు కనబడిన అశోకుడు, ఉత్తరదేశపు ఐదవ స్తంభశాసనమున చంపరాని జీవుల పట్టికలో తాబేలును చేర్చెను.

పింజరాపోలు ఉండగా అటవీశాఖ యెందుకని అడుగువారు గలరు. పింజరాపోలు గోవులకు, మేకలకు తగినది. పాములకు, ఉడుములకు మాంసాహారము కావలెను. జైనశాల దానిని ఎట్లు పెట్టును? పెట్టక ఎట్లు ఉంచును? ఢిల్లీ ఎర్రకోట యెదుట జైనులు నడపు పక్షుల ఆసుపత్రిలో గ్రద్ద, డేగ వంటి వానికి చికిత్స చేసి పంపుదురు, లోపల ఉంచుకొనరు. ఆ హద్దు గుర్తించుటయు వివేకమే. నక్షత్ర తాబేలు గడ్డి మేయును గదా, పింజరాపోలులోనే ఉంచవచ్చునన్నచో, చట్టము ఒప్పదు. అంతేగాక ఉత్తరపు తాబేలు, దక్షిణపు తాబేలు రక్తములో వేరు. ఎచటిదో తెలియక కలిపి వదలుట మంచిది గాదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. 2018 నవంబరులో సింగపూరునుండి 51 నక్షత్ర తాబేళ్ళు విమానముపై కర్ణాటకమునకు తిరిగి వచ్చినవి. సముద్రము దాటిపోయిన ప్రాణులనే తెచ్చి స్వస్థానము చేర్పగోరుచుండగా, పెరటినుండి అటవీ కచ్చేరికి దూరమెంత?

వెళ్ళుటకు భయపడువారు పెద్దమనిషినో, తెలిసిన వకీలునో వెంటబెట్టుకొని పోవచ్చును. తాబేలును గాలి తగులు అట్టపెట్టెలో పొడి గోనెసంచిమీద ఉంచవలెను, నీరు పోయరాదు, ఎండలో బండిలో వదలరాదు. ఎన్నేండ్లనుండి ఇంట నున్నది, ఎచటిదని విన్నారు, ఏమి పెట్టినారు, ఈ మూడింటిని దాచక చెప్పవలెను. అదియే దాని వైద్యమునకు ఆధారము. తిరిగి వచ్చినపిమ్మట ఆ గంగాళమును చింతపండుతో తోమి, వానకాలమున చూరునీరు పట్టుకొనుటకు ఉంచుకొనవచ్చును.