గృహమందు జీర్ణోద్ధారణము

దేవాలయము శిథిలమైనప్పుడు దానిని విడిచి వేఱొకచోట క్రొత్తగుడి కట్టుటకంటె, మూలమూర్తి కళను బాలాలయమునందు నిలిపి పూజించుచు, ఒరిగిన స్తంభమును నిలిపి, బీటలువాఱిన గోడను చక్కబఱచి, పని ముగిసిన పిమ్మట కుంభాభిషేకముతో స్వామిని స్వస్థానమునకు మరల వేంచేపు చేయుటయే అధికపుణ్యప్రదమని మన పెద్దలు విశ్వసించిరి. ఆలయములను కట్టించిన రాజులతోపాటు వానిని ఉద్ధరించిన పుణ్యాత్ములును శిలాశాసనములలో స్మరింపబడుటకు ఈ విశ్వాసమే మూలము. దేవుని యింటికి చెల్లిన ధర్మము మన యింటికి ఏల చెల్లరాదు? పండుగ సమీపించినదనగానే, గృహప్రవేశమునకు ముహూర్తము కుదిరినదనగానే, అప్పుచేసియైనను క్రొత్తసామగ్రి తెచ్చి గదులు నింపుటయే అలంకారమని తలచుచున్న ఈ కాలమున, పాతవస్తువును ఆదరించి, చేతిపనితో దానికి శోభ కూర్చి, అల్పవ్యయముతో ఇల్లు దిద్దుకొనుట కేవలము పొదుపు కాదనియు, అది గృహస్థునకు సులభసాధ్యమైన యొక ఉపాసన యనియు నా దృఢవిశ్వాసము.

బౌద్ధుల వినయపిటకమందు ఒక కథ కలదు. కౌశాంబి నేలుచున్న ఉదయనుని అంతఃపురకాంతలు బుద్ధుని శిష్యుడైన ఆనందుని ధర్మోపదేశము విని, ఆయనకు 500 వస్త్రములు సమర్పించిరి. సన్న్యాసికి ఇన్ని వస్త్రము లెందులకు, ఈయన బట్టల అంగడి తెఱవ దలచెనా యని శంకించిన రాజు స్వయముగా వచ్చి ప్రశ్నింపగా, చీవరములు చినిగిన భిక్షువులకు వానిని పంచిపెట్టుదునని ఆనందుడు బదులు చెప్పెను. అంతటితో రాజు తృప్తినొందలేదు. ఆ చినిగిన చీవరములు ఏమగునని అడిగెను. అవి పక్కదుప్పట్లగును, పాతబడిన దుప్పట్లు పరుపులకు తొడుగులగును, పాత తొడుగులు నేలపై పఱచుకొనుటకును, ఆ పఱపులు కాళ్లు తుడుచుకొనుటకును, ఆపైన దుమ్ము దులుపుటకును ఉపయోగపడును, తుదకు ఆ పీలికలను సైతము దంచి, మట్టిలో కలిపి, నేలకు మెత్తుదుము. ఈ సమాధానము విని భిక్షువులు దేనిని వ్యర్థము చేయరని గ్రహించిన ఉదయనుడు మఱి 500 వస్త్రములను ఆనందునకు సమర్పించెను. సర్వమును త్యజించినవారే వస్తువును ఇంత గౌరవముతో చూచిరన్న సంగతి మనము నిలిచి ఆలోచింపదగినది. వైరాగ్యమనగా వస్తువును ఈసడించుట కాదు. దానిపై మమకారము విడిచి, దాని ప్రయోజనము తుదముట్టువఱకు దానిని మన్నించుట.

ఈ ధర్మము మన తెలుగిండ్లకు క్రొత్తది కాదు. అమ్మమ్మ కట్టి కట్టి మెత్తబడిన నేతచీరనే పురిటిబిడ్డకు పొత్తిగుడ్డగా చింపుదురు. ఆ చీరెయే దూలమునకు కట్టిన ఉయ్యాల యగును. నాలుగు పాతచీరలను పొరలుపొరలుగా పఱచి, అంచులు కలిపి కుట్టినచో ఇంటిల్లిపాదికి చలికాలపు బొంత యగును. తరముల వెచ్చదనమును కప్పుకొని నిద్రించు భాగ్యము ఏ అంగడిలో దొరకును? నేడు ఆ బొంతనే గోడకు వ్రేలాడగట్టినను, అరుగుమీది బల్లపై పఱచినను, గదికి ఎట్టి నిండుదనము వచ్చునో చూచినవారికే తెలియును.

అయితే అన్యులు వాడిన వస్తువును మన యింటికి తెచ్చుట అశుచి కాదా యను సందేహము కొందఱను బాధించును. దీనికి ధర్మశాస్త్రకారులు ఏనాడో సమాధానము చెప్పియున్నారు. మనుస్మృతి పంచమాధ్యాయమందు ద్రవ్యశుద్ధి యను ప్రకరణము కలదు. రాగి, ఇత్తడి, కంచు మొదలగు లోహములను తగినరీతిని క్షారముతోను, పులుపుతోను, నీటితోను శుద్ధిచేయవలెననియు, మట్టిపాత్రను మరల కాల్చవలెననియు అందు విధింపబడినది. మన తల్లులు బూడిదయు చింతపండును పెట్టి బిందెలు తోముట ఈ విధికి నిత్యానుష్ఠానమే. వాడిన వస్తువును పాఱవేయుమని కాక, దానిని పరిశుద్ధము చేసికొను మార్గమును శాస్త్రము చెప్పుట గమనింపదగిన విశేషము.

హైదరాబాదులోని జుమ్మెరాత్ బజారునకు గురువారమునాడు పోయినచో, ఎన్నియో సంసారములు విడిచిన సామగ్రి వీథి కిరువైపుల పఱచియుండును. ప్రతి పట్టణమునందును పాతసామాను అంగళ్లు కలవు. ఇవేవియు అక్కఱలేకయే, మన యింటి అటుకమీదనే తాతల కాలపు కావడిపెట్టె యొకటి దుమ్ములో పడియుండవచ్చును. కొయ్యసామాను కొనునప్పుడు వ్రేలితో తట్టి చూడవలెను. లోపల గుల్లయైనచో ధ్వనియే చెప్పును. సన్నని రంధ్రములును, వానినుండి రాలు పొడియు కనబడినచో అది పుచ్చినదని ఎఱిగి విడువవలెను. మంచిదైనచో నీటితో తుడిచి, ఎండలో ఆరబెట్టి, గరుకుకాగితముతో రుద్ది, లిన్‌సీడు నూనె పూసినంతనే పాత టేకు తన తేనెరంగును తాను బయట పెట్టును. ఇత్తడిపాత్రను వంటకు వాడదలచినచో కళాయి వేయింపక తప్పదు గాని, అలంకారమునకైనచో తోముటయే చాలును. సొట్టపడిన గంగాళమున నీరు పోసి నాలుగు నందివర్ధనములు తేలవిడువుడు. పగిలిన జాడీలో మట్టినింపి మరువము నాటుడు. వాడుకతప్పిన రోటిని పెరటి తులసికి పీఠము చేయుడు.

చేతిపనులలోని ఆధ్యాత్మికత మఱింత లోతైనది. గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. అనగా మనవలె మాటాడనేరని ప్రాణులకు ఆహారమిచ్చుట. వేకువనే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, వరిపిండితో ముగ్గుపెట్టు ఇల్లాలు ఆ పిడికెడు పిండితోనే వాకిటికి అందమును, చీమలకు అన్నమును ఏకకాలమున సమకూర్చుచున్నది. గడపకు పసుపు, గోడయంచుకు జాజు, ద్వారమునకు మామిడాకు, ధనుర్మాసమున గుమ్మడిపూవు తాల్చిన గొబ్బెమ్మ, తెలంగాణమున తంగేడుతోను గునుగుతోను పేర్చిన బతుకమ్మ: వీనిలో వెల గలది ఏది? ఆకుగాని పువ్వుగాని భక్తితో నిచ్చినచో స్వీకరింతునని గీతయందు నవమాధ్యాయమున భగవానుడు అభయ మిచ్చినాడు గదా! బొమ్మలకొలువునే చూడుడు. కొండపల్లి శిల్పులు తేలికయైన తెల్లపొణికికొయ్యను చెక్కి, అవయవములను చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి రంగులు వేయుదురు. చేయి విఱిగిన బొమ్మను అట్టి మక్కుతోనే అతికి, ఆ చోట రంగు తాకించి, బాలబాలికలచేతనే మరల మెట్టుపై నిలిపించినచో, గాయపడినదానిని త్రోసివేయరాదను పాఠము వారికి మాటలతో పనిలేకయే పట్టుబడును.

అల్పద్రవ్యముతో మహాశోభ సాధ్యమని గత శతాబ్దముననే దేశమంతటికి చూపినవారు కలరు. 1938లో గుజరాతమందలి హరిపురా గ్రామమున జరిగిన కాంగ్రెసు మహాసభను అలంకరింపుమని గాంధీమహాత్ముడు కోరగా, చిత్రకారుడు నందలాల్ బోసు ఖరీదైన సామగ్రి జోలికి పోక, చేతితో చేసిన కాగితములపై మట్టిరంగులతో, మద్దెల వాయించువానిని, వడ్రంగిని, దర్జీని, వంటచేయుచున్న తల్లిని చిత్రించెను. ఆయనయు శిష్యులును కలసి సిద్ధపఱచిన ఆ పటములు నేడు జాతీయసంపదగా గౌరవింపబడుచున్నవి. సేవాగ్రామమున తనకు కుటీరము నిర్మింపనెంచినవారికి, వ్యయము నూరురూపాయలు మించరాదనియు, చుట్టుపట్ల దొరకు వస్తువులనే వాడవలెననియు ఆ మహాత్ముడే నియమము పెట్టెను. అచ్చటి కుటీరపు మట్టిగోడపై ఆయన శిష్యురాలు మీరాబెన్ ఆ మట్టితోనే తాటిచెట్లను ఉబ్బెత్తుగా మలచినది. గోడయు అలంకారమును ఒకే మట్టి. దేశవిదేశములనుండి వచ్చిన పెద్దలు ఆ గోడల నడుమ చాపపై కూర్చుండియే ఆయనతో సంభాషించిరి.

ఇచ్చట మూడు జాగ్రత్తలు అవశ్యము చెప్పవలెను. చౌకయైనదని కనబడినదెల్ల కొని పోగుచేయుటయు పరిగ్రహమే. పతంజలి యమములలో చెప్పిన అపరిగ్రహమునకు వెలతో నిమిత్తము లేదు. కావున ఒక వస్తువు ఇంటికి వచ్చినప్పుడు, మనకు పనిలేని వేఱొక వస్తువు అక్కఱ గలవారింటికి పోవలెను. రెండవది: వీథిలో ఎండకు కూర్చున్న పేదతో పదిరూపాయలకై పోరాడి గెలిచి తెచ్చిన వస్తువు ఇంటికి శోభ నీయదు, ఇచ్చెడివాని ముఖము చిన్నబుచ్చక కొనవలెను. మూడవది మిక్కిలి ముఖ్యము. పాతదన్న మోజుతో, ఏ గుడినుండి ఏ దొంగచేత తరలింపబడినదో తెలియని ప్రాచీనవిగ్రహమును కూటముననుంచుట మహాపాపము. నూఱేండ్లు దాటిన శిల్పములు 1972 నాటి పురావస్తుచట్టమునకు లోబడినవి. అట్టివి కంటబడినచో అధికారులకు తెలుపుట ధర్మము.

అలంకారము సఫలమైనదా కాదా యని ఎఱుగుటకు గీటురాయి ఒక్కటే. మీ బంధువులలో అందఱికంటె పేదయైనవాడు, దుమ్ముకాళ్లతో, బిడ్డను చంకనెత్తుకొని మీ గుమ్మము త్రొక్కినప్పుడు, ఎచ్చట కూర్చుండవలెనో, దేనిని తాకరాదో యని సంకోచింపక, కుర్చీ లాగికొని కూర్చుండి మంచినీళ్లడుగగలిగెనా? వెలగల వస్తువులు నిండిన ఇంట, పిల్లవాని చేయి ఎటు చాచినను యజమానుని గుండె దడదడలాడును. ఆ దడయే అతిథిదేవుని వాకిటనుండి వెనుకకు మరల్చును. చేతులార బాగుచేసికొన్న పాతబల్లపై గీత పడినచో మరల రుద్దుకొందుము. అంతకుమించి పోవునదేమియు లేదు. కావున రాబోవు పండుగకు అంగడిజాబితా వ్రాయకముందు అటుక దింపి చూడుడు. బాగుచేయదగినదానిని ఇంటిల్లిపాదియు కూర్చుండి బాగుచేయుడు. పాతబడినదానికి చోటిచ్చుట మరిగిన ఇంట ముసలివారికి చోటు చాలకపోదు, పేదకు పీట కఱవు కాదు. ఆ యిల్లే అలంకరింపబడిన ఇల్లు.