నియమగిరి: దేవుడి కొండ, అభివృద్ధి లెక్క

ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల నడుమ ఉన్న నియమగిరి డోంగ్రియా కోంధు ఆదివాసులకు నియమ్ రాజా అనే దేవుడు కొలువైన కొండ. కొండ నెత్తిన చెట్టు కొట్టకూడదన్నది ఆయన పేర సాగుతున్న కట్టుబాటు. ఆ నెత్తినే అల్యూమినియం ముడిఖనిజమైన బాక్సైట్ దాదాపు 7 కోట్ల టన్నులు ఉంది. వాన నీటిని పట్టి ఉంచి వాగులకు వదిలేది కూడా ఆ బాక్సైట్ పొరలే. ఆ నీళ్లు వంశధారలో కలిసి శ్రీకాకుళం దాకా వస్తాయి.

తవ్వాలన్న వాదన కొట్టిపారేయదగింది కాదు. తలసరి ఇంధన వాడకంలో భారత్ ప్రపంచ సగటుకు మూడో వంతు దగ్గరే ఉంది. కరెంటు తీగలకూ రైలు పెట్టెలకూ అల్యూమినియం కావాలి. అయితే టన్ను అల్యూమినియం తీయడానికి సుమారు 14,000 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. ఒడిశాలో ఆ కరెంటు ప్రధానంగా బొగ్గు నుంచే వస్తుంది.

ఈ కాలుష్యం శాశ్వతం కాదన్న వాదనా ఉంది. ఆదాయంతో పాటు కాలుష్యం మొదట పెరిగి, ఒక దశ దాటాక తగ్గుతుందని 1990లలో గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఆర్థికవేత్తలు గణాంకాలతో చూపారు. నగరాల గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్ విషయంలో ఇది చాలాచోట్ల నిజమైంది; కార్బన్ డయాక్సైడ్ విషయంలో అంత ధీమాగా చెప్పలేం. ఈ సూత్రాన్ని విధానంగా మార్చుకున్నవారు ఇంకో నమ్మకాన్నీ మోస్తారు: ఈరోజు పోయినదాన్ని రేపు డబ్బుతో తిరిగి తెచ్చుకోవచ్చని. కోంధుల అభ్యంతరం సరిగ్గా అక్కడే. తవ్వేసిన కొండకు దేవుణ్ని తిరిగి తేవడం ఏ ఆదాయంతోనూ కుదరదు.

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నియమగిరిని తవ్వాలా వద్దా అన్న చిక్కును తాను తేల్చకుండా గ్రామసభలకు అప్పగించింది. నియమ్ రాజా స్థలం ఫలానా శిఖరమేనని, తవ్వకం దానికి దూరమని ఒక వాదన వచ్చింది.  కొండంతా ఆయనదేనని జనం పట్టుబట్టారు. 12 గ్రామసభలూ తవ్వకాన్ని తిరస్కరించాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ కూడా అనుమతి నిరాకరించింది.

కొండ దక్కింది గానీ అల్యూమినియం గిరాకీ తగ్గలేదు. దిగువన లాంజిగఢ్‌లోని శుద్ధి కర్మాగారం వేరే చోట్ల నుంచి తెచ్చిన బాక్సైట్‌తో నడుస్తూనే ఉంది. ఎక్కడ తవ్వకూడదో పవిత్రత చెప్పగలిగింది. ఎంత వాడుకోవాలన్నది దాని పరిధిలోకి రాలేదు. పైగా మత స్వేచ్ఛ ఆధారంగా దక్కిన రక్షణ ఆరాధన ఉన్నచోటికే పరిమితం. బొగ్గు గనుల పక్కన దేవుడి పేరు లేని పొలం పోగొట్టుకునే రైతు ఆ హక్కును అడగలేడు. అతనికి మిగిలేది భూసేకరణ చట్టం, పరిహారం లెక్క.