కథ ఒకరిది, గొంతు ఒకరిది

ఒకరు కట్టిన లోకంలో ఇంకొకరు కథ రాస్తే దానికి కర్త ఎవరు? ఇంగ్లండులో, అమెరికాలో ఈ ప్రశ్న ఇప్పుడు ఒప్పంద పత్రాల్లో తేలిపోతుంది. సినిమాల, టీవీ సీరియళ్ల లోకాలను తీసుకుని నవలలు, శబ్దనాటకాలు రాయడం అక్కడ ఒక వృత్తి. 1963లో బీబీసీ మొదలుపెట్టిన సైన్స్ ఫిక్షన్ సీరియల్ ‘డాక్టర్ హూ’ కథలను టెరెన్స్ డిక్స్ అరవైకి పైగా నవలలుగా మలిచాడు. అందులోని ఒక పాత్రతో శబ్దనాటకమూ రాశాడు. ‘స్టార్ వార్స్’ మొదటి సినిమా నవల 1976లో జార్జ్ లూకాస్ పేరుతో వచ్చింది. రాసింది అలన్ డీన్ ఫాస్టర్. పాత్రలూ వాటి మీద హక్కులూ యజమానివి. వాక్యం మాత్రం రాసినవాడి చేతిలోంచే రావాలి. ఆ వాక్యంలో అతని పాలెంత అన్నది ఏ ఒప్పందమూ చెప్పదు.

తెలుగులో ఈ ప్రశ్న వందల ఏళ్ల కిందటే పుట్టింది, అదీ భక్తి ప్రశ్నగా. ఆతుకూరి మొల్ల పదహారో శతాబ్దపు కవయిత్రి అని ఎక్కువమంది అభిప్రాయం. తండ్రి కేసనశెట్టి, కుమ్మరి ఇల్లు అని సంప్రదాయం. గోపవరంలోని శ్రీకంఠ మల్లేశ్వరుడి దయవల్లనే తనకు కవిత్వం అబ్బిందని ఆమె తన రామాయణం మొదట్లోనే చెప్పుకుంది. కడప సీమలో బద్వేలు పక్కనున్న గోపవరమే ఆ ఊరని ఇక్కడివాళ్లు నమ్ముతారు. వేరే గోపవరాలను చూపే పండితులూ ఉన్నారు. వాల్మీకి ఇరవైనాలుగు వేల శ్లోకాల్లో చెప్పిన కథను మొల్ల సుమారు 870 పద్యగద్యాల్లో, ఆరు కాండల్లో ముగించింది. ఇంతమంది చెప్పిన కథ మళ్లీ ఎందుకన్న ప్రశ్న ఆమే వేసుకుంది. ఇహానికీ పరానికీ ఆధారమైన కథను ఎన్నిసార్లు చెప్పుకున్నా తప్పులేదన్నది ఆమె సమాధానం.

మళ్లీ చెప్పడమంటే ఉన్నదే అప్పజెప్పడం కాదు. మొల్ల గుహుణ్ణే చూడండి. వాల్మీకి గుహుడు రాముణ్ణి ఆదరిస్తాడు, గంగ దాటడానికి పడవ తెప్పిస్తాడు, అంతే. మొల్ల గుహుడు పడవ దగ్గర ఆగి ఆలోచిస్తాడు. ఈయన పాదధూళి సోకి రాయి ఆడదైందట, మరి నా పడవ ఏమవుతుందో అని. ఆ భయంతోనే, లేదా ఆ నెపంతోనే, రాముడి కాళ్లు కడుగుతాడు. ఇంకా వెనక్కి వెళితే, రాయి నుంచి ఆడదైందన్న ఆ అహల్య వాల్మీకిలో అసలు రాయే కాదు. ఎవరికీ కనబడకుండా, గాలే ఆహారంగా బూడిదలో పడి ఉన్న తపస్విని. ఆమె రాయి కావడం తర్వాతి కావ్యాల్లో, పురాణాల్లో జరిగింది. అంటే ఒకరు చేర్చిన దానిమీద మరొకరు కట్టారు. ఈ లోకంలో రాయి మనిషి కాగలిగితే చెక్క ఎందుకు కాకూడదు? పరాయి లోకంలో రాసే మంచి రచయిత చేసేది ఇదే: ఆ లోకం నియమాన్ని పట్టుకుని, మూలకర్త ఆగినచోటి నుంచి ఇంకో అడుగు వేయడం. గుహుడి మాట వింటుంటే అది కొత్తగా చేర్చిందని తోచదు. మొదటినుంచీ అక్కడే ఉండి ఇప్పుడు బయటపడిందనిపిస్తుంది.

మరి ఈ అడుగు ఎవరిది? రాముడు చెప్పమంటే చెబుతున్నానని మొల్ల అంటుంది. ఒంటిమిట్టతో ముడిపెట్టి ఈ సీమ తలుచుకునే పోతన మాటా అలాంటిదే. ఇది వినయం కోసం అన్న మాటగా తీసేయడం పొరపాటు. ఎందుకంటే అదే పద్యంలో మొల్ల తప్పులెంచవద్దని కవులను వేడుకుంటుంది. పలుకు పూర్తిగా రాముడిదైతే అందులో తప్పులెలా ఉంటాయి? ఒప్పు రాముడి ఖాతాలో వేసి, తప్పు తన ఖాతాలో ఉంచుకుంది. నేను చేశానన్న అహంకారం వదలాలని వేదాంతం చెబుతుంది గానీ, చేసినదానికి జవాబుదారీ వదిలేయమని చెప్పదు. ఈ తేడాను మొల్లలా ఒక్క పద్యంలో పట్టుకున్నవారు అరుదు.

పేరునే వదిలేసుకున్నవారు ఈ ప్రాంతంలో ఇంకా ఎక్కువ. వేమన మకుటంతో ఉన్న పద్యాలన్నీ వేమనవే కావు. ఎవరో రాసి, ఆయన పేరు కింద వదిలిపెట్టి వెళ్లిపోయారు. బద్వేలు వైపే ఉంది కందిమల్లాయపల్లె బ్రహ్మంగారి మఠం. ఆ బ్రహ్మంగారు, అంటే పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి, జరగబోయేది చెప్పిన కాలజ్ఞానంలోనూ తర్వాతివారి చేతులు పడ్డాయి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టలేము. వేమన మకుటం కింద చేరిన మంచి పద్యం నిజమో కాదో దాని మాటే చెబుతుంది, రాసినవాడెవరైనా. జరిగిపోయిన సంగతిని ముందే చెప్పినట్టు కాలజ్ఞానంలో చేర్చితే దాని బలమంతా గురువు పేరులోనే ఉంటుంది. అక్కడ పేరు దాచడం త్యాగం కాదు, విన్నవాడి నమ్మకాన్ని వాడుకోవడం.

వావిలికొలను సుబ్బారావు దారి పూర్తిగా వేరు. ఒంటిమిట్ట కోదండరాముడి గుడి కోసం కొబ్బరిచిప్ప పట్టి భిక్షమెత్తిన ఆయన, వాల్మీకి మాట జారిపోకుండా తెలుగు చేయడమే వ్రతంగా పెట్టుకున్నారు. లోకం ఆయనకు ‘ఆంధ్ర వాల్మీకి’ అని మూలకవి పేరే పెట్టింది. ఆ పేరులోనే ఆయన సొంత పేరు కరిగిపోయింది.

గొంతు సంగతికి వస్తే, తేనె తగలగానే నోరు తీపెక్కినట్టు, వినగానే అర్థం తెలియాలన్నది మొల్ల కవితాదర్శం. ఇది చెవి కోసం రాసేవారి సూత్రం. తోలుబొమ్మలాట, హరికథ దీనిమీదే బతికాయి. తర్వాత ఆకాశవాణి నాటకమూ అంతే. దేవులపల్లి కృష్ణశాస్త్రి ‘శర్మిష్ఠ’ భారత కథలోని పాత్రను తీసుకున్న రేడియో నాటకం. రేడియోలో తెర లేదు, వేషం లేదు. అవన్నీ విన్నవాడే ఊహించుకోవాలి కాబట్టి కర్తృత్వంలో ఒక వాటా అతనికీ పోతుంది. గుహుడి ఘట్టాన్నే రేడియోకు రాస్తే స్టూడియోలో కావలసింది బేసిన్‌లో కాసిన్ని నీళ్లు, అందులో కదిలే ఒక చెయ్యి. బద్వేలు దగ్గరి సగిలేరులో ఇసుకే ఎక్కువగా చూసిన మనిషి ఆ చప్పుడు విని, కళ్లు మూసుకుని, ఆ ఏటి ఒడ్ల మధ్యే నిండుగా గంగను పారిస్తాడు.