తాళం మార్చడం అవమానమా?



యారాడ కొండ మీది దీపస్తంభం ‘నీవు ఎవరి ఓడవు?’ అని అడగదు. చేపల పడవకూ, పరదేశపు సరుకు ఓడకూ ఒకేలా దారి చూపుతుంది. ఆ కొండ పక్కగా సాగిపోయే నౌకాదళం ఓడలు మాత్రం తమ మాటలు పరులకు అర్థం కాకుండా రహస్య సంకేతాలలో పంపుకుంటాయి. అందరికీ చెందవలసిన వెలుగు ఒకటి, కొందరికే చెందవలసిన మాట మరొకటి. రెండూ ధర్మమే.

ఈ రహస్య సంకేతాలు నేడు మన ఇళ్లలోకీ వచ్చాయి. 2016 నుంచి వాట్సాప్‌లో ప్రతి సందేశానికీ తాళం ఉంటోంది. బృందంలో ఒకరు పంపిన మాట ఆ బృందంవారి ఫోన్లలోనే తెరుచుకుంటుంది. ఒకరు బృందం విడిచి వెళ్లగానే పాత తాళంచెవులు పక్కకు పోయి, కొత్తవి వస్తాయి.

వెయ్యిమంది ఉన్న బృందంలో ఒకరు వెళ్లినప్పుడల్లా తక్కిన 999 మందికీ విడివిడిగా కొత్త తాళంచెవి పంపడం పెద్ద పని. 1998లో టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాంగ్, గౌడ, లామ్ తాళంచెవులను చెట్టు కొమ్మల్లా అమర్చే పద్ధతిని వివరించారు. వెళ్లినవారి కొమ్మ నుంచి మాను వరకు ఉన్నవి మారిస్తే చాలు. సుమారు 20 సందేశాలతో పని తీరుతుంది. 2023లో వెలువడిన ఎంఎల్‌ఎస్ అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా చెట్టు పద్ధతినే అనుసరిస్తుంది.

పద్ధతి బాగానే ఉంది. కాని మనసు ఒక ప్రశ్న వేస్తుంది: నిన్నటివరకు మనవాడే, ఈరోజు దొంగయ్యాడా?

ఆలోచించండి. విచారణ సంఘంలో కోశాధికారి మారినప్పుడు, మంచి కోశాధికారి అయితే తానే ముందుగా ‘పెట్టె తాళం మార్చండి’ అంటాడు. రేపు ఏదైనా పోతే నింద తనమీద పడదు కదా! కనుక తాళం మార్చడం ఉన్నవారికే కాదు, వెళ్లినవారికీ రక్షణే. అయితే ఆ నియమం అందరికీ ఒక్కటిగా ఉండాలి. ఒకరు వెళితే మార్చి, మరొకరు వెళితే మార్చకపోతే, అప్పుడే అది అవమానమవుతుంది.

తాళానికీ ఒక హద్దు ఉంది. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేసినట్లు ప్రకటించింది. ఆ పేరు మన యారాడ కొండదే. సామాజిక మాధ్యమాల్లో పరిచయమైన స్త్రీల వలలో పడి ఓడల సమాచారం అందించారన్నది ఆరోపణ. తాళం పగలగొట్టి ఎవరో లోపలికి వచ్చారని కాదు, లోపలివారే మాట బయటికి చేరవేశారని. తరువాత నౌకాదళం తన స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్ ఫోన్లను నిషేధించింది.

కొత్త తాళంచెవి రేపటి మాటను కాపాడుతుంది. నిన్న విన్న మాట మాత్రం విన్నవారి దగ్గరే ఉంటుంది. దానికి కాపలా వారి మనస్సాక్షి ఒక్కటే.

ఒకరి జబ్బు, ఒక ఇంటి అప్పు, ఒక అమ్మాయి పెళ్లిమాట – నమ్మి మన బృందంలో చెప్పుకున్నవి ఎన్ని! ఎవరినైనా బృందం నుంచి తీసివేయవలసి వస్తే ముందుగా వారితో ఒక మాట చెప్పండి. మీరే బయటికి వస్తే, విన్నవాటిని మీలోనే ఉంచుకోండి. ఫోను తన తాళం తానే మార్చుకుంటుంది. మన నోటికి తాళం మనమే వేసుకోవాలి.