నేర్పా? అదృష్టమా?

చదువవలసిన భాగము: ఫిలిప్పీయులకు 2:1-4



సంక్రాంతి దినములు వచ్చినప్పుడు మన గ్రామములలో అరుగులమీద పేకాట సాగుట మనమందరము ఎరుగుదుము. ఆటగాండ్రను మందలించినచో, "అయ్యగారూ, ఇది జూదము కాదండి, ఇందులో నేర్పు ఉన్నది" అని బదులు చెప్పుదురు. ఈ మాటను మనము నెమ్మదిగా విచారించుట మంచిది.

ఆటలన్నియు ఒక్క రీతివి కావు. వైకుంఠపాళిలో గవ్వలు పడినట్లు కాయ నడచును; అందులో పండితుడును పసివాడును సమానులే. పులిజూదమునకు పేరున జూదమున్నను, అందులో గవ్వలు లేవు. 3 పులులు, 15 మేకలు ఇద్దరి కన్నుల యెదుటనే యుండును. ఓడినవాడు తన ఆలోచననే నిందించుకొనవలెను.

పేకాట ఈ రెంటికి నడుమ నున్నది. రమ్మీలో చేతికి వచ్చు 13 ముక్కలు మనము కోరుకొన్నవి కావు. అయితే ఏది ఉంచవలెను, ఏది పారవేయవలెను అని యోచించుట, ఎదుటివాడు ఎత్తిన ముక్కను జ్ఞాపకముంచుకొనుట నేర్పే. ఒక్క ఆటలో మంచి ముక్కలు పడినవాడు గెలువవచ్చును. నూరు ఆటలాడినచో మంచి ముక్కలు ఇద్దరికిని ఇంచుమించు సమముగా పడును. అప్పుడు నేర్పరిదే పైచేయి యగును.

1967లో సికిందరాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యెమున సుప్రీంకోర్టువారు రమ్మీ ప్రధానముగా నేర్పుతో కూడిన ఆట యని తీర్పు చెప్పిరి. దీనిని పలువురు చెప్పుకొందురు. ఆ ఆటమీద ఇంటివారుగాని క్లబ్బువారుగాని లాభము తీసినచో నేరము కావచ్చునని అదే తీర్పులో నున్న మాటను మాత్రము మరచెదరు. 2025లో పార్లమెంటు చేసిన చట్టమైతే, ఫోనులలో డబ్బు పెట్టి ఆడు ఆటల విషయమున నేర్పు, అదృష్టము అను భేదమునే విడిచి, అన్నిటిని నిషేధించెను.

చట్టము మాట అటుండనిండు. ఆటలో నేర్పు ఉన్నంత మాత్రమున పందెము నిర్దోషమగునా? మాకు అట్లు తోచదు. అదృష్టపు ఆటలో నేడు పోయిన రూపాయి రేపు తిరిగి రావచ్చును. నేర్పు గల ఆటలో తెలియనివాని రూపాయి, నీరు పల్లమునకు పారినట్లు, తెలిసినవాని చేతికే పోవును. కాబట్టి "ఇది నేర్పు" అను మాట నేర్పరిని విడిపించుట లేదు. వానిమీద మరింత భారము మోపుచున్నది. ఎదుటివాడు తనకంటె తక్కువ తెలిసినవాడని యెరిగియు, వాని కూలి డబ్బు ఆశించుట న్యాయమా? "వాడు ఇష్టపడియే కూర్చుండెను గదా" అందురు. నిజమే. గాని వాడు తన అదృష్టమును నమ్మి కూర్చుండెను. మనము వాని తెలియమిని నమ్మి కూర్చుంటిమి.

నేర్పు చెడ్డది కాదు. గుడివాడలో జన్మించిన కోనేరు హంపి తండ్రియొద్ద చదరంగము నేర్చి, 2019లోను 2024లోను ర్యాపిడ్ చదరంగమున మహిళా ప్రపంచ విజేత యాయెను. ఆ నేర్పు ఏ కూలివాని పొయ్యిని ఆర్పలేదు. మన పిల్లలకును పులిజూదము నేర్పుదము, చింతగింజలతో ఆడనిత్తము, గెలిచినవాడు ఓడినవానికి ఎత్తు చెప్పవలెనని నియమము పెట్టుదము. తన నేర్పును పొరుగువానికి పంచువాడు ఏమియు పోగొట్టుకొనడు.

ఇతరుల మేలును చూచు మనస్సు ప్రభువు మనకందరికి దయచేయును గాక.