పరుల వేదనకు ప్రమాణము

ఒకని దేహములోని నొప్పిని మరియొకడు ఏ విధమున తెలిసికొనగలడన్న ప్రశ్న పండితుల వాదవినోదమునకై పుట్టినది కాదు. సుఖదుఃఖములు ఆత్మగుణములనియు, వానిని ఆ ఆత్మ తన మనస్సుచేత మాత్రమే ప్రత్యక్షముగ గ్రహించుననియు, ఇతరులకు అవి బాహ్యచిహ్నములను బట్టి ఊహింపదగినవే యనియు న్యాయవైశేషికులు ఏనాడో నిర్ణయించిరి. ఆ నిర్ణయమును అంగీకరించిన పక్షమున, దాని వెంటనే మరియొక ప్రశ్నకు మనము ఉత్తరము చెప్పవలసియున్నది. ఒకని బాధ వానికి తప్ప అన్యులకు ప్రత్యక్షము కానప్పుడు, దానిని నిరూపించు భారమంతయు ఆ బాధితుని తలపైననే మోపుట ధర్మమగునా? షాద్‌నగర్ ప్రాంతమునుండి వైకల్యమును శాతములలో తేల్చు సదరం క్యాంపునకు పోయి, పర్సెంటేజీ చాలలేదన్న మాట విని, పింఛను ఆశ వదలుకొని బస్సెక్కి తిరిగివచ్చు కూలివాని విషయమున ఈ ప్రశ్న తర్కగ్రంథములలో కంటె తీవ్రముగా మన యెదుట నిలుచుచున్నది.

రాజ్యము ప్రమాణము కోరుట అధర్మమని నేననను. ఖజానా అందరి సొత్తు. అనర్హుడు కొనిపోయిన ప్రతి రూపాయియు అర్హునికి దక్కకపోయినదే. 1995 నాటి చట్టము 7 విధముల వైకల్యములనే గుర్తింపగా, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములను గుర్తించి, 40 శాతమునకు తక్కువ కాని వైకల్యమును విశేషసహాయములకు ప్రమాణముగ నిలిపినది. తెలంగాణలో దివ్యాంగుల నెల పింఛను 2023లో 3,016 రూపాయలనుండి 4,016 రూపాయలకు పెరిగినది. కలిగినవారికి ఇది లెక్కింపదగిన మొత్తము కాకపోవచ్చును. కాని నడుము విరిగి ఇంట పడియున్నవానికి అది కేవలము బియ్యమునకును మందులకును వచ్చు ధనము కాదు, కొడుకు కోడళ్ల యెదుట తలయెత్తి అన్నము తినుటకు కలుగు ధైర్యము. ఇట్టిదానిని 39కిని 40కిని నడుమనున్న ఒక్క అంకె నిర్ణయించుచున్నప్పుడు, ఆ అంకె ఎట్లు పుట్టినదో విచారించుట మన విధి.

వైద్యుడు చేయునది అనుమానము, అనగా చిహ్నమును బట్టి ఊహించుట. అనుమానము ప్రమాణమే, సందేహము లేదు. కాని హేతువు ఒకచోట సాధ్యముతో కూడియు, మరియొకచోట దానిని విడిచియు ఉండునేని, దానిని సవ్యభిచారమని మన తార్కికులు త్రోసివేసిరి. పరీక్షాదినమున ఇతడు చేయి పైకెత్తెను గావున పని చేయగలడని తీర్మానించుట అట్టిదే, ఏలయన చేయి ఒకమారు పైకెత్తుటకును, ఎండలో దినమంతయు ఇటుకల తట్ట మోయుటకును వ్యాప్తి, అనగా తప్పని సంబంధము, లేదు. ఫిట్స్ వచ్చువాడు ఆ ఫిట్స్ నడుమ కాలమున అందరివలెనే కూర్చుండును, అందరివలెనే మాటలాడును. మనోవ్యాధితో నెలలకొలది తలుపు మూసికొని యున్న స్త్రీ ఆ ఒక్క ఉదయము తల దువ్వుకొని తల్లి వెంట శాంతముగ వచ్చియుండవచ్చును. నల్లగొండ పల్లెలలో ఫ్లోరైడు నీరు త్రాగినవారి సంగతి ఇంకను స్పష్టము. ఎముకలు వంగి లోకమునకు కనబడుటకు, ఎక్స్‌రేలో మార్పులు తేటపడుటకు చాల ముందే కీళ్లు పట్టివేయుటయు నొప్పియు ఆరంభమగును. అనగా చూచువాని ప్రమాణము బాధపడువాని ప్రత్యక్షమునకు సంవత్సరములకొలది వెనుకబడి నడచును. సుశ్రుతుడు రోగవిజ్ఞానమునకు ఆరుపాయములను చెప్పుచు, పంచేంద్రియములచేత పరీక్షించుటతో తృప్తినొందక, ప్రశ్నించుటను ఆరవదిగ చేర్చినాడు. ఆయన చేర్చిన ఆ ఆరవ ఉపాయమే, బయట వరుస పెరుగుచుండగా గడియారము చూచుకొని సాగు క్యాంపులలో మొట్టమొదట లోపించుచున్నది. ఈ లోపము ఏ ఒక్క వైద్యుని హృదయకాఠిన్యమువలన కలుగునది కాదు, అంతమందిని ఒక్కదినమున చూడుమన్న ఏర్పాటువలన కలుగునది.

ఇట్లు కాదనిపించుకొన్నవాడు మరల అడుగదలచినచో కావలసినది కన్నీరు కాదు, కాగితము. ఆ కాగితము ఎవని చేతిలో నుండదో వానికే దాని అవసరము అధికము. ఈ వ్యవహారమున నాకు అన్నిటికంటె బాధ కలిగించునది ఇదియే. పాలమూరు కూలీ బొంబాయిలోనో పూణెలోనో కట్టడముపైనుండి పడును. అక్కడి ఆస్పత్రిలో కట్టు కట్టింతురు, మేస్త్రీ బస్సెక్కించి పంపును. డిశ్చార్జి కాగితము అక్కడి రేకుల షెడ్డులోనే మిగిలిపోవును. ఇంటికి చేరిన ఓపీ చీటీలు వాననీటికి తడిసి అక్షరములు చెరిగిపోవును. దీనికి తోడు 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగి షాద్‌నగర్ పాలమూరునుండి రంగారెడ్డికి మారగా, పాత కాగితములలో ఒక జిల్లా పేరు, క్రొత్త కాగితములలో మరియొక జిల్లా పేరు చేరినవి. అక్షరములు రానివానికి ఇది చిన్న చిక్కు కాదు.

కాగితమున్నంతమాత్రమున చాలదు, అది చెప్పవలసిన సంగతిని చెప్పవలెను. మూర్ఛరోగమని వ్రాసిన చీటీ రోగమును మాత్రమే తెలుపును. అది నెలకెన్నిమారులు వచ్చుచున్నదో, వచ్చినప్పుడు ఎంతసేపు తెలివి తప్పునో, ఏ మందులు ఎంతకాలము వాడియు తగ్గలేదో, పొయ్యిదగ్గరకును బావిదగ్గరకును ఒంటరిగ పోనీయవచ్చునో కాదో తెలుపు వ్రాతయే వైకల్యమును తెలుపును. ఏండ్లతరబడి చూచుచున్న వైద్యుడు అట్టి నాలుగు వాక్యములు వ్రాయుట గొప్ప ఉపకారము. రాత్రింబవళ్లు సేవచేయు తల్లియో భార్యయో తాను కన్నదానిని తేదీలతో నోటుపుస్తకమునందైనను గుర్తుపెట్టించుకొనినచో, ఆ వైద్యునికి అది ఆధారమగును. ఆప్తవాక్యము ప్రమాణమని ఒప్పుకొన్న జాతికి, రోగి ప్రక్కన మేలుకొన్నవారికంటె ఆప్తులెవ్వరు?

ఇచట కర్మవాదమును తెచ్చి, పూర్వజన్మఫలము వాడనుభవించుచున్నాడు, మనమేమి చేయుదుమని నిట్టూర్చువారు కలరు. బాదరాయణుని సూత్రములలో కర్మప్రస్తావన వచ్చిన సందర్భమును వారు గమనింపవలెను. లోకమున ఇంత వైషమ్యమున్నది గదా, ఈశ్వరుడు పక్షపాతియు నిర్దయుడును కాడా యన్న ఆక్షేపమును పరిహరించుటకు అది చెప్పబడినది. ఇరుగుపొరుగువారిని కర్తవ్యమునుండి విడిపించుటకు కాదు. కర్మ ఈశ్వరుని నిర్దోషిగ నిలుపవచ్చును, నన్ను నిలుపదు. ధర్మశాస్త్రముల తీరును చూడుడు. అవి అంధబధిరాదులకు దాయభాగమును నిరాకరించినవి. ఆ నిరాకరణ అన్యాయమనియే నా తీర్పు, 1928 నాటి చట్టము చాలవరకును 1956 నాటి హిందూ వారసత్వచట్టము పూర్తిగను దానిని తొలగించినవి. అయినను ఆ శాస్త్రములే వారిని జీవితాంతము పోషింపవలెనని కుటుంబమును కట్టడిచేసినవి. ఈ పాలమూరు సీమనేలిన కళ్యాణి చాళుక్యుల ఆస్థానమున మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుడు, విభాగానంతరము ఔషధాదులచేత దోషము తొలగినవానికి భాగమీయవలెనని వ్రాసెను. ఒకమారు కాదన్నది ఎల్లకాలమును కాదనుట కాదని, క్రొత్త నిదర్శనము కనబడినచో పాత తీర్పు సవరింపబడవలెనని ఆయన ఆ కాలముననే ఎరిగియుండెను.

కొత్తూరు మండలము ఇన్ముల్‌నర్వలోని జహంగీర్ పీర్ దర్గాకు మతభేదము లేక జనులు పోవుదురు. తమ రోగములను అచట ఏ సర్టిఫికెట్టును లేకయే విన్నవించుకొందురు. ఆ దర్గాను నిలిపిన మతము యొక్క గ్రంథమున, ఖురానునందు, 80వ సూరా ఒక అంధుని విషయమున అవతరించినది. ఖురైషు ప్రముఖులతో సంభాషించుచున్న ప్రవక్త, నడుమ వచ్చి ప్రశ్నించిన ఆ అంధునినుండి ముఖము త్రిప్పికొనగా, దైవము సాక్షాత్తు ప్రవక్తనే మందలించెను. ముఖ్యమైన పనిలో నున్నానన్నది అచట సమాధానముగ చెల్లలేదు. నేటి ఏ కార్యాలయమునకు మాత్రము అది ఎట్లు చెల్లును?

కావున షాద్‌నగర్‌లోను చుట్టుపట్ల పల్లెలలోను చదువుకొన్న వారందరిని నేను వేడుకొనునదొక్కటి. పండుగనాడు దివ్యాంగునికి పండ్లు పంచి ఫోటో తీయించుకొనుటకంటె, కాదనిపించుకొన్న ఒక్కని వెంట ఆస్పత్రికి నడువుడు. పాత చీటీల నకళ్లు తీయింపుడు. పాత దాఖలాలకై అర్జీ వ్రాసిపెట్టుడు. వైద్యుని యెదుట వాడు భయముచేత చెప్పలేని మాటను చెప్పించుడు. అర్హత లేదని తేల్చినచో ఆ కారణములను వ్రాతమూలకముగ తెలుపవలెనని 2016 చట్టము క్రింద చేసిన 2017 నాటి నియమములు శాసించుచున్నవి. ఆ వ్రాతను అడిగి తీసికొనుడు, అప్పీలుకు అదియే పునాది. నిర్ణయముతో తృప్తిచెందనివాడు రాష్ట్రప్రభుత్వము నియమించిన అధికారికి, ప్రభుత్వము విధించిన గడువులోపల అప్పీలు చేసికొనవచ్చునని 2016 చట్టము 59వ సెక్షను చెప్పుచున్నది.