అద్దె నౌక – అతిథి ధర్మము

మనుష్యుడు న్యాయముగా ఆర్జించిన ధనమును తన సుఖమునకై వెచ్చించుట తప్పగునా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మన పెద్దలు దీనిని అరుగులపై కూర్చుండి చర్చించిరి. వారి పెద్దలును చర్చించిరి. అయినను ప్రశ్న పాతదైనంత మాత్రమున, అది మన గుమ్మము త్రొక్కిననాడు సమాధానము సిద్ధముగా ఉండదు. గడచిన సంక్రాంతికి అది మా గుమ్మము త్రొక్కినది. ఆ సంగతిని సంఘ సోదరీసోదరుల యెదుట ఉంచుటయే ఈ చిన్న వ్యాసము యొక్క ఉద్దేశము.

మేము బరంపురమున ఒక కార్యాలయములో ముప్పదియైదు సంవత్సరములు గుమాస్తాగా పనిచేసి విరమించినవారము. మెట్రిక్ దాటి చదివినవారము కాము. మా కుమారుడు జర్మనీ దేశమున ఇంజనీరు. పండుగనాడు ఫోనులో వాడు చెప్పిన మాట యిది: “నాన్నగారూ, ఈ సెప్టెంబరుకి మీకు అరవై ఐదు నిండుతాయి. మీరూ అమ్మా ఇక్కడికి రండి. మూడు కుటుంబాలవాళ్ళం కలిసి గ్రీసు దీవుల్లో వారం రోజులు ఒక యాట్ అద్దెకు తీసుకుందామనుకుంటున్నాం.”

యాట్ అనగా విహారనౌక. పడకగదులు, భోజనశాల, సరంగు, వంటవాడు, కళాసీలు అన్నియు గలిగి నీటిపై తేలు చిన్న దివాణము వంటిది. వారమునకు అద్దె 40,000 యూరోలట. మన లెక్కలో ఇంచుమించు నలుబది లక్షల రూపాయలు. మేము కొలువు విరమించిననాడు చేతికి వచ్చిన గ్రాట్యుటీ దీనిలో పదియవ వంతైనను లేదు.

ఆ రాత్రియే వానికొక దీర్ఘమైన ఉత్తరము వ్రాసి, దానిని ఫోటో తీసి పంపితిమి. మా తాతగారు గోపాలపురపు రేవున స్టీమరెక్కి పొట్టకూటికై రంగూను వెళ్ళినవారు. డెక్కు టిక్కెట్టు, తలపై కప్పు లేదు, మూటలో అటుకులు, బెల్లము. 1942లో బర్మాపై బాంబులు పడినపుడు కట్టుబట్టలతో కాలినడకను తిరిగి వచ్చినవారు. అట్టివాని మునిమనుమడవై, ఓడపై పట్టుపరుపులు పరపించుకొని పవ్వళింప నీకు మనసెట్లు ఒప్పెనని ఆ ఉత్తరమున నిలదీసితిమి. వ్రాసిన పిమ్మట రెండుమారులు చదువుకొని, బాగుగా వ్రాసితిమని సంతోషించితిమి కూడ.

పదునొకండు దినములు వాని వద్దనుండి ఫోను రాలేదు. పండ్రెండవనాడు మా ఇంటివారు కూర తరుగుచు, తల యెత్తకయే ఇట్లనిరి: “మీ తాతగారు డెక్కు మీద పడుకున్నది, మునిమనవడు కూడా డెక్కు మీదే పడుకోవాలనా?”

ఈ మాటకు మావద్ద జవాబు లేకపోయెను. ఆలోచించిన కొలది మాకొక సత్యము గోచరించినది. కష్టము తాతగారిది, దానిని చూపి పొందిన గర్వము మాది. ఆయన ఎన్నడును డెక్కు ప్రయాణమును ఘనతగా చెప్పుకొనలేదు. పిల్లలకు ఆ గతి పట్టకూడదనియే పాటుపడిరి. సంపన్నుడు తన నౌకను చూపి మురియుట ఆడంబరమైనచో, లేమిని చూపి ఇతరులను సిగ్గుపరచుటయు ఆడంబరమే. కుమారునికి క్షమాపణ చెప్పితిమి. పిదప ఒక కోరిక కోరితిమి: “ఆ కాగితములన్నియు మాకు పంపుము. చదువకుండ సంతకము చేయుట గుమాస్తాకు తగదు. చదువకుండ కొట్టివేయుటయు తగదు.”

కాగితములు వచ్చినవి. వానిని చదువుటకు మాకు వారము పట్టెను. నౌకను అద్దెకు తీసికొను విధానములు ముఖ్యముగా రెండు. అర్హతాపత్రము గలవారు ఉత్త నౌకను తీసికొని తామే నడుపుకొనవచ్చును. లేనివారు సరంగుతోను సిబ్బందితోను తీసికొందురు. వారమనగా సాధారణముగా శనివారము మొదలు శనివారము వరకు. ఎంత పెద్ద విహారనౌకయైనను అతిథులు పండ్రెండుగురకు మించరాదన్నది సామాన్య నియమము. అద్దెలో సగము ఒడంబడికనాడును, తక్కిన సగము ప్రయాణమునకు సుమారు నెల ముందును చెల్లింపవలెను. అద్దె గాక, చమురు, వెచ్చములు, రేవు సుంకములకై అద్దెలో నూటికి ముప్పదివంతుల చొప్పున బయానా ముందుగనే సరంగు చేతికి ఈయవలెను. అతడు ప్రతి ఖర్చునకు లెక్క వ్రాసి, మిగిలినది తుదిని తిరిగి ఇచ్చును. ఇది మాకు మిక్కిలి నచ్చినది. మా కార్యాలయపు ఇంప్రెస్టు పద్దునకును దీనికిని భేదము లేదు.

గ్రీసునకు దీవులు, తిప్పలు కలిపి సుమారు 6,000. అందు మనుష్యులు నివసించునవి 227. తూర్పున ఏజియను సముద్రములోని సైక్లడీసు దీవుల మీదుగా జూలై, ఆగస్టు మాసములలో మెల్టెమి అను ఉత్తరపు గాలి దినముల తరబడి బలముగా వీచును. పశ్చిమమున అయోనియను సముద్రము అంతకంటె సాధువు. కావున వృద్ధులతోను పిల్లలతోను పోవువారు అటు పోవుట మేలని తెలిసికొంటిమి.

ఇంతవరకు అన్నియు లెక్కలే. చిక్కు తరువాత కనబడినది. మిత్రులు ముగ్గురు కలిసి వేసిన దినచర్య పట్టిక యొకటి కాగితములలో నుండెను. ఉదయము ఏడు గంటలకు కాఫీ, ఎనిమిదింటికి ఫలహారము, ఈత, మధ్యాహ్న భోజనము, దీవి దర్శనము, రాత్రి పదింటికి విందు, రెండు గంటల వరకు సంగీతము. సిబ్బంది ఐదుగురు. మేము అలవాటు చొప్పున ఎదుట మరియొక గడి గీచి, ఏ పని ఎవరు చేయుదురో వ్రాయ నారంభించితిమి. రెండింటికి పాత్రలెత్తువాడు ఆరింటికి కాఫీ కాచుటకు లేవవలెను. నడుమ రాత్రి లంగరు జారకుండ ఒకడు కనిపెట్టి యుండవలెను. వాడు నిద్రించునది ఎప్పుడు?

నావికుల పని విషయమై 2006లో అంతర్జాతీయ ఒడంబడిక యొకటి జరిగినది. అది 2013 ఆగస్టులో అమలులోనికి వచ్చినది; మన భారతదేశమును 2015లో దానిని అంగీకరించినది. వ్యాపారరీత్యా నడచు నౌకలలో ప్రతి నావికునకు ఇరువదినాలుగు గంటలలో కనీసము 10 గంటలు, వారమునకు 77 గంటలు విశ్రాంతి ఉండవలెననియు, దానిని రెండు భాగములకంటె ఎక్కువగా ముక్కలు చేయరాదనియు, అందొక భాగము ఆరు గంటలకు తగ్గరాదనియు అది చెప్పుచున్నది. మా గడిలో ఆ ఆరు గంటలు ఎంత వెదకినను దొరకలేదు. మా వాడును వాని మిత్రులును దుష్టులు కారు. నౌకను అద్దెకు తీసికొనుచున్నామని వారనుకొనిరి. వారు వేసిన పట్టిక మాత్రము అయిదుగురి నిద్రను కూడ అద్దెకు తీసికొన్నది. పైగా ఆ సముద్రమున సిబ్బందికి అద్దెలో నూటికి ఐదు మొదలు పదునైదు వంతుల వరకు ఇనాము ఇచ్చుట ఆచారము. మిత్రుల అంచనాలో మద్యమునకు పద్దు కలదు గాని ఇనామునకు పద్దు లేదు.

“వారికి జీతము ముట్టుచున్నది గదా, మనవంటివారు పోనిచో వారికి పనియే ఉండదు గదా” అని కొందరు అడుగవచ్చును. నిజమే. ధనికుడు ఖర్చు చేయుట మానినంతనే కళాసికి మేలు కలుగదు. కాని మేము సంవత్సరాంతపు లెక్కలకై అర్ధరాత్రి వరకు కూర్చున్నవారము. అధికపు గంటలకు సొమ్ము ముట్టెడిది. ఆ సొమ్ము ఎంతయో నేడు జ్ఞప్తిలో లేదు. “మిగతాది రేపు చూద్దాం, ఇంటికి వెళ్ళండి” అన్న అధికారి ముఖము మాత్రము నేటికిని జ్ఞప్తిలో ఉన్నది. పనికి వెల కట్టవచ్చును. పనివాడు మన కంటికి కనబడుట యన్నది వెలతో తీరునది కాదు.

కనబడనివి మరికొన్ని కలవు. మధ్యధరా సముద్రము అడుగున పొసిడోనియా అను గడ్డి పెరుగును. అది నాచు కాదు. పూవులు పూచి కాయలు కాచు మొక్క. చేపపిల్లలకు అదియే ఉయ్యాల, ఇసుక తీరమునకు అదియే కట్ట. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు మాత్రమే ప్రాకును. లంగరు దానిపై దిగి యీడ్చుకొని పోయినచో, ఒక్క పూటలో చిరిగినది మనుష్యుని యావజ్జీవములో మానదు. స్పెయిను దేశపు ఇబీజా, ఫార్మెంటెరా దీవుల నడుమనున్న ఈ గడ్డి బయళ్ళు 1999లో ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినవి. 2018లో అచటి ప్రభుత్వము గడ్డిపై లంగరు వేయుటను నిషేధించినది. ఇసుక నేల చూచి లంగరు వేయుము అని సరంగునకు చెప్పుటకు ఖర్చేమియు లేదు. చెప్పవలెనని తోచుటయే కావలసినది.

దీవులవారి విషయమును అట్టిదే. అచటి చిన్న దీవులలో వేసవిని మంచినీటికి కటకట. కొన్నింట సముద్రజలమునే శుద్ధిచేసి త్రాగుదురు. అట్టి రేవున గొట్టము పెట్టి డెక్కు కడిగించుకొనుట చట్టమునకు తప్పు కాకపోవచ్చును, మర్యాదకు తప్పు. ఈ మర్యాదను మనకు వేరొకరు నేర్పనక్కరలేదు. 1936లో ఉత్కళ రాష్ట్రమేర్పడినపుడు మన బరంపురము మద్రాసు నుండి ఇటు చేరినది. ఇల్లు కదలకుండగనే మనము పరభాషా ప్రాంతపు నివాసులమైతిమి. పొరుగువాని బావి, పొరుగువాని పండుగ, పొరుగువాని మాట వీనియెడల ఎట్లు మెలగవలెనో మూడు తరములుగా అభ్యసించుచున్నవారము.

కాగితములు మూయబోవునంతలో మరియొక విషయము జ్ఞప్తికి వచ్చి, ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. 2023 జూన్ 14వ తేదీన, మేము సాధువని మెచ్చుకొన్న ఆ అయోనియను సముద్రములోనే, గ్రీసు దేశపు పైలోసు పట్టణమునకు దూరముగా ఒక పాత చేపల పడవ మునిగినది. లిబియా నుండి ఇటలీకి బ్రదుకుతెరువు వెదకుకొనుచు పోవుచున్న పాకిస్తాను, ఈజిప్టు, సిరియా దేశములవారు అందు సుమారు 750 మంది ఉండిరని అంచనా. బ్రతికినవారు 104 మంది. ఆ ప్రాంతమున పోవుచున్న ఒక మహా విహారనౌక పిలుపు విని వచ్చి, బ్రతికినవారిలో నూరుమందిని తన డెక్కుపై చేర్చుకొని కలమాటా రేవునకు కొనిపోయి దించినది. కోటీశ్వరుల విహారమునకై కట్టిన డెక్కుపై తడిబట్టలతో, కంబళ్ళు కప్పుకొని వారు దిగిరి.

మా తాతగారిని ఆ డెక్కుపై చూచినట్లైనది. మేము మొదట వ్రాసిన ఉత్తరము ఎంత పొరపాటో, కుమారుని మొదటి పట్టికయు ఎంత పొరపాటో అపుడు తెలిసినది. నౌక పాపి కాదు, పుణ్యాత్మురాలు కాదు. సముద్రమున ప్రాణాపాయములో నున్నవారికి, తన నౌకకు ముప్పు లేనంతవరకు, సహాయము చేయవలసినదని 1982 నాటి అంతర్జాతీయ సముద్ర ఒడంబడిక నౌకాధికారులకు విధించుచున్నది. అద్దెకు తీసికొన్నవాని అనుమతితో పని లేదు. వాడు యజమాని కాడు. వారము దినముల అతిథి. సరంగు ఓర్పునకు అతిథి, దీవివాని నీటికి అతిథి, అడుగుననున్న గడ్డికి అతిథి. కావున మొదటి ప్రశ్నకు మాకు తోచిన సమాధానమిది: సుఖించుట తప్పు కాదు. ఇతరులను చూడకుండుటపై ఆధారపడిన సుఖము తప్పు.

“ఆ ధనమును బీదలకిచ్చిన మేలు గదా” యను ప్రశ్న ఇంకను మిగిలియున్నది. దానిని మేము దాటవేయము. అయితే మా ఇంటివారికి గాజులు చేయించిననాడు మేము ఈ ప్రశ్న వేసికొనలేదు. కుమారుని ఖర్చునకు మాత్రమే వేయుట న్యాయము కాదు. అయినను సొమ్ము పెరిగిన కొలది ప్రశ్న బరువు పెరుగును. ఈ మాట వ్రాసి, నిర్ణయమును వారికే విడిచితిమి.

వారు ముగ్గురును కూడి ఆలోచించుకొని, పెద్ద నౌకను మానుకొనిరి. సెప్టెంబరు చివరి వారమున లెఫ్కాడ రేవునుండి నాలుగేసి గదులు గల రెండు తెరచాప నౌకలు, ఒక్కొక్కదానికి ఒక సరంగు, వంట మనదే. లెఫ్కాడ, కెఫలోనియా, ఇరువది ఏండ్లకు ఇల్లు చేరిన గ్రీకు వీరుని దీవియగు ఇథాకా చూచి వత్తుము. సరంగును నడిమి గదిలోని బల్లపై పడుకొనబెట్టినచో పిల్లలకొక గది మిగులునని మిత్రులలో ఒకరనిరి. మేము ఒప్పుకొనలేదు. రెండు నౌకలలోను అతని పేర ఒక గది ఉన్నది. అంచనాలో ఇనాము మొదటి పద్దుగా ఉన్నది. మిగిలిన సొమ్మును ఏమి చేసిరో మేము అడుగలేదు.

తుదిని కుమారునితో ఫోనులో ఒక మాట అడిగితిమి. ఏ రాత్రియైనను అట్టి పిలుపు వచ్చి, మన విహారము చెడునట్లైనచో ఏమి చేయుదువు?

“సరంగు మనల్ని అడగడు నాన్నగారూ. పడవ తిప్పేస్తాడు.”

“అడుగనక్కరలేదు నాయనా. అపుడు మనము గొణగకుండ ఉందుమా అనియే నేనడుగునది.”

వాడు వెంటనే బదులు చెప్పలేదు. కొంత తడవునకు, “కంబళ్ళు నాలుగు ఎక్కువ పెట్టమని వ్రాస్తాను” అనెను.

మన సంఘపు కుటుంబములలో పెక్కింటి పిల్లలు నేడు దూరదేశముల నున్నారు. రేపో మాపో ఇట్టి పిలుపు మీ గుమ్మమును త్రొక్కవచ్చును. పోవద్దని చెప్పుటకు ముందు, పొమ్మని చెప్పుటకును ముందు, ఒక్క పర్యాయము కాగితములు తెప్పించుకొని చదువవలసినదిగా మా మనవి.